కారుతున్న చమురు – కనిపించని కారణం

సంస్కృతంలో 'స్నేహం' అనే మాటకు చెలిమి అనే అర్థంతోపాటు జిడ్డు, నూనె అనే అర్థం కూడా ఉన్నది. ఒకటి మనసులు ఒరుసుకోకుండా కాపాడుతుంది, మరొకటి లోహాలు ఒరుసుకోకుండా కాపాడుతుంది. ఈ రెండో అర్థంలో తెలుగువారికి 'కందెన' అనే చక్కని మాట ఉన్నది. బండి ఇరుసుకు పూసే జిడ్డు పదార్థమే కందెన. సుమతీ శతకకారుడు గ్రామ కరణాన్ని అనుసరించి నడుచుకోవలసిన అవసరాన్ని చెప్పడానికి ఈ కందెననే ఉపమానంగా గ్రహించాడు. ఎడ్లబండి ఇరుసుకు కందెన పూసిన రైతు అది కారిపోతుందని బెంగపడలేదు. ఆరిపోతే మళ్లీ పూసుకున్నాడు. మోటారు సైకిలు సంగతి వేరు. దాని కడుపులో చమురు నిరంతరం ప్రవహిస్తూ ఉండాలి, కాని గడప దాటకూడదు. లోపల తిరిగే ఇరుసు మాత్రం చక్రాన్ని నడపడానికి గడప దాటి బయటికి రావాలి. ఇరుసును రానిచ్చి చమురును ఆపే ద్వారపాలకుడే 'ఆయిల్ సీలు' అనే చిన్న రబ్బరు కడియం.

పాత మోటారు సైకిలు నిలిపిన చోట నేలమీద నల్లని మరక పడడం చాలామంది చూసిన దృశ్యమే. పాత బుల్లెట్టు యజమానులు దీనిని తప్పుగా కూడా భావించరు. "చమురు కారడం లేదంటే అందులో చమురు లేదన్నమాట" అని హాస్యమాడడం వారికి పరిపాటి. ఆ హాస్యం కొంతవరకే ముచ్చట. కారిన చమురు వెనుక టైరు మీద పడిన నాడు ముచ్చట కాస్తా ముప్పుగా మారుతుంది.

కృష్ణా డెల్టాలోని ఒక పట్టణంలో విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు ఉండేవారు. ఆయన దగ్గర 1980ల నాటి బుల్లెట్ 350 ఉన్నది. ఇంటర్మీడియట్ చదివే మనుమరాలిని రోజూ ఆ బండిమీదనే కళాశాలలో దింపేవారు. ఒక వానరోజున మలుపు తిరుగుతుండగా వెనుక చక్రం పక్కకు జారింది. వేగం తక్కువగా ఉండడంచేత ఇద్దరూ పడకుండా నిలదొక్కుకున్నారు. దిగి చూస్తే టైరు ఎడమ అంచు చమురుతో నిగనిగలాడుతున్నది. చమురు కారుతున్నదని అంతకుముందు ఏడాదిలోనే రెండుసార్లు ఆయిల్ సీలు మార్పించారు. మార్చిన ప్రతిసారీ నెల రోజులు బాగున్నట్టే ఉండి, మళ్లీ మరక ప్రత్యక్షమయ్యేది. సీళ్లు నకిలీవని ఒకరన్నారు, బండి అమ్మేయమని మరొకరన్నారు. చివరికి ఆయన ఊరి చివర షెడ్డులో పాత బండ్లు బాగుచేసే ఒక వృద్ధ మేస్త్రీ దగ్గరికి బండిని నడిపించుకొని వెళ్లారు. మనుమరాలు కూడా వెంట వెళ్లింది.

మేస్త్రీ ఏం చేశాడో చెప్పేముందు ఆ బండి నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణానికి చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ, మద్రాసు మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేశాయి. చెన్నై దగ్గరి తిరువొత్తియూరులో బుల్లెట్ల తయారీ సాగింది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం గల పోత ఇనుప ఇంజను 2010 ప్రాంతం వరకు పెద్ద మార్పులు లేకుండా కొనసాగింది. ఇందులో ఇంజను ఒక పెట్టె, గేర్లు మరో పెట్టె. ఈ రెండింటినీ కలిపే ప్రైమరీ చైను ఎడమవైపున ఇంకో పెట్టెలో తిరుగుతుంది. మూడు పెట్టెలకు మూడు వేరువేరు చమురు నిల్వలు. ఇన్ని పెట్టెలు, ఇన్ని అతుకులు, ఇన్ని ఇరుసులు ఉన్నచోట చమురు దారి వెతుక్కోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంక సీలు సంగతి. చేతిలోకి తీసుకొని చూస్తే అది గాజుకు తమ్ముడిలా ఉంటుంది. వెలుపల లోహపు వలయం, దానికి అంటుకొని రబ్బరు, లోపలి అంచున పలుచని పెదవి. పెదవి వెనుక సన్నని స్ప్రింగు ఒకటి మొలతాడులా చుట్టుకొని, పెదవిని షాఫ్టు మీదికి సుతారంగా అదిమి ఉంచుతుంది. సీలు మీద 25×35×7 అని అంకెలు ఉంటే, షాఫ్టు వ్యాసం 25 మిల్లీమీటర్లు, సీలు కూర్చునే గుంట వ్యాసం 35, సీలు మందం 7 అని అర్థం. యంత్రయుగం తొలినాళ్లలో ఈ పనికి నార, ఉన్ని, తోలు వాడేవారు. జర్మనీలో ఫ్రాయిడెన్‌బర్గ్ అనే తోలు పరిశ్రమ 1930ల ప్రారంభంలో ఈ రకం సీలును రూపొందించి విపణిలోకి తెచ్చింది. దానికి రూపకల్పన చేసిన వాల్టర్ సిమ్మర్ పేరుమీదుగానే అక్కడ దానిని 'సిమ్మరింగ్' అంటారు. చెప్పులు కుట్టే తోలుకు, ఇంజనుకు ఇటువంటి చుట్టరికం ఉందని తెలిసినవారు తక్కువ. తర్వాత తోలు స్థానంలోకి నైట్రైల్ రబ్బరు వచ్చింది.

విచిత్రమేమంటే, చక్కగా పనిచేసే సీలు పెదవి షాఫ్టును ఒరుసుకుంటూ ఉండదు. రెండింటి నడుమ కంటికి కనబడనంత పలుచని చమురు పొర ఉంటుంది. ఆ పొరమీదనే పెదవి తేలుతూ ఉంటుంది. చమురును ఆపవలసిన పెదవికి చమురే ప్రాణం. పొర లేకపోతే పెదవి ఒరుసుకొని కాలిపోతుంది. నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని ఓర్చుకుంటుంది. అంతకు మించిన వేడిలో ఏళ్ల తరబడి ఉంటే గట్టిపడి, గోటితో నొక్కినా లొంగని ప్లాస్టిక్కులా అవుతుంది. బండిని నెలల కొద్దీ వాడకుండా మూలన పడవేసినా పెదవి ఎండి మెత్తదనం కోల్పోతుంది. అందువల్ల పాత బండిలో సీలు చెడడం సహజమే. కాని కొత్తగా వేసిన సీలు నెల తిరక్కుండానే కారిందంటే, దోషం సీలుది కాక మరెవరిదో అని అనుమానించాలి. తొలి ఇద్దరు మెకానిక్కులు అనుమానించనిది ఇక్కడే.

వృద్ధ మేస్త్రీ పానా పట్టలేదు. ముందుగా కుర్రవాడిని పిలిచి ఇంజనును డీజిల్‌తో, కుంచెతో శుభ్రంగా కడిగించాడు. పొడిగుడ్డతో తుడిపించి, ఆరాక ముఖానికి రాసుకునే పౌడరును ఎడమవైపు అతుకుల మీద పలుచగా చల్లించాడు. పది కిలోమీటర్లు నడిపి తీసుకురమ్మన్నాడు. నీరు పల్లమెరుగు అంటారు. చమురు కూడా పల్లమే ఎరుగును. అంతేకాక నడిచే బండిలో ఎదురుగాలి దానిని వెనక్కి నెడుతుంది. పైన ముందు భాగంలో పుట్టిన కారుడు కింద వెనుక భాగంలో చుక్కై వేలాడుతుంది. చుక్క పడిన చోటనే చిల్లు ఉందనుకోవడం చాలా పొరపాట్లకు మూలం. తెల్లని పౌడరు మీద చమురు మొదట తడిపిన చోటు నల్లగా కనబడుతుంది కాబట్టి పుట్టిన చోటును అది పట్టి ఇస్తుంది. కడగడానికి పెట్రోలు వాడడం కొన్ని షెడ్లలో ఇప్పటికీ ఉన్న అలవాటు. వేడి ఇంజను పక్కన అది అగ్గితో చెలగాటమే.

బండి తిరిగి వచ్చాక ప్రైమరీ చైను పెట్టె కింది అంచున, దాని వెనుక గేరుపెట్టె వైపున తడి కనిపించింది. అక్కడినుండి వెనుక చైను చమురును టైరు మీదికి చిమ్ముతున్నది. మేస్త్రీ చైను పెట్టె మట్టాన్ని చూసే బిరడా విప్పగానే చమురు పొంగి పొర్లింది. ఇంజను చమురు మట్టం చూస్తే అది ఉండవలసినదానికంటే చాలా తక్కువగా ఉన్నది. ఒక పెట్టెలో తరిగినది మరొక పెట్టెలో పెరిగింది. రెండింటికీ నడుమ కాపలా ఉన్నది క్రాంకు షాఫ్టు ఎడమవైపు సీలు. చమురు దానిని దాటి చైను పెట్టెలోకి వచ్చి, అక్కడ నిండిపోయి, బయటి అతుకుల గుండా కారుతున్నది.

"అయితే మళ్లీ సీలేనా, మేస్త్రీ గారూ?" అని ఉపాధ్యాయుడు నిట్టూర్చారు.

"సీలు చెడింది నిజమే మాస్టారూ. కాని చెడగొట్టింది ఎవరో చూద్దామండి" అంటూ మేస్త్రీ బండి పక్కన వంగి, క్రాంకు పెట్టెనుండి వెలువడే సన్నని రబ్బరు గొట్టాన్ని వేలితో తడిమాడు. గొట్టం చివర ఒక బోల్టు దూర్చి, తీగతో బిగించి ఉన్నది. రెండేళ్ల క్రితం ఆ గొట్టం నుండి చమురు చుక్కలు పడుతున్నాయని ఉపాధ్యాయుడు ఫిర్యాదు చేస్తే, ఎవరో మెకానిక్కు చేసిన చికిత్స అది. "బండికి ఊపిరాడటం లేదండి" అన్నాడు మేస్త్రీ.

ఆ మాట అలంకారం కాదు. సిలిండరులో పిస్టను పైకి, కిందికి కదులుతుంది. పిస్టను పైన జరిగే దహనమే అందరికీ తెలుసు. దాని కింద ఉన్న గాలిని ఎవరూ పట్టించుకోరు. పిస్టను కిందికి దిగిన ప్రతిసారీ 346 ఘన సెంటీమీటర్ల గాలి స్థానం కోల్పోతుంది. మేస్త్రీ ఈ సంగతి చెప్పినప్పుడు మనుమరాలు తన పుస్తకం వెనుక అట్టమీద లెక్క వేసింది. ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరిగితే సెకనుకు 50 సార్లు. 346ను 50తో హెచ్చిస్తే 17,300. అంటే సెకనుకు 17 లీటర్లకు పైగా గాలి ఆ చిన్న పెట్టెలో అటూ ఇటూ నెట్టబడుతున్నది. ఒకే సిలిండరు ఉన్న ఇంజనులో ఈ నెట్టుడును సర్దుబాటు చేయడానికి పక్క సిలిండరు అంటూ ఉండదు. అరిగిన పిస్టను రింగులను దాటుకొని దహన వాయువులు కూడా కొంత కిందికి దిగుతాయి. ఈ ఒత్తిడి బయటికి పోవడానికి ఉన్నదే ఊపిరిగొట్టం. దానిని బ్రీదరు అంటారు. బుల్లెట్టులో దీనికి బాతు ముక్కు ఆకారంలో ఒక రబ్బరు కవాటం ఉంటుంది. పిస్టను దిగినప్పుడు ఆ ముక్కు తెరచుకొని గాలిని వదులుతుంది, ఎక్కినప్పుడు మూసుకొని బయటి గాలిని రానివ్వదు. అందుచేత లోపల ఒత్తిడి వెలుపలికంటే కొంచెం తక్కువగా నిలిచి, చమురు లోపలికే లాగబడి ఉంటుంది. ముక్కు చిరిగినా, ఎండి గట్టిపడినా, గొట్టం మూసుకుపోయినా కథ తారుమారవుతుంది. దారి దొరకని ఒత్తిడి అతుకులలో బలహీనమైనదాన్ని వెతికి, అక్కడినుండి చమురును బయటికి తోస్తుంది. సీలు చమురును ఆపగలదుగాని, దాని వెనుకనుండి తోసే గాలిని ఎంతకాలం ఆపగలదు?

అసలు గొట్టం నుండి చుక్కలు ఎందుకు పడ్డాయి? దానికీ ఒక కారణం ఉన్నది. ఈ ఇంజనులో చమురు నిల్వ అడుగున ఉండదు. క్రాంకు పెట్టె పోతలోనే ఒక ప్రత్యేకమైన గదిలో ఉంటుంది. ఒక పంపు చమురును అక్కడినుండి భాగాలకు పంపుతుంది, మరొక పంపు అడుగున చేరినదాన్ని తిరిగి గదికి చేరుస్తుంది. బండి వారాల తరబడి నిలిచి ఉంటే, గదిలోని చమురు పంపు సందులగుండా మెల్లగా అడుగుకు దిగుతుంది. మళ్లీ స్టార్టు చేయగానే అది ఊపిరిగొట్టం నుండి కొంతసేపు కక్కబడుతుంది. ఉపాధ్యాయుడు వేసవి సెలవుల్లో కూతురి ఊరికి వెళ్లి వచ్చాక జరిగింది అదే. అది వ్యాధి కాదు, కొద్ది నిమిషాలు నడిపితే సర్దుకునేది. సర్దుకునేదానికి బిరడా వేయడంతో అసలు వ్యాధి మొదలైంది. ఇటువంటి నిలువ బండిలో మట్టం తక్కువగా కనబడిందని చమురు అదనంగా పోయడం కూడా అదే కోవకు చెందిన తప్పు. ఇంజనును కాసేపు నడిపి, ఆపిన తర్వాతనే మట్టం చూడాలి.

మేస్త్రీ బోల్టును పీకి, కవాటం మార్చాడు. ఆ తర్వాతే సీలు పని పెట్టుకున్నాడు. చైను పెట్టెలోని చమురును తట్టలోకి దించి, ఎడమ ఫుట్‌రెస్టును, ఆ బండిలో ఎడమవైపునే ఉండే బ్రేకు పెడలును తప్పించాడు. చైను పెట్టె మూత మొత్తాన్ని ఒకే ఒక పెద్ద నట్టు పట్టి ఉంచడం బుల్లెట్టు ప్రత్యేకత. మూత విప్పి, విద్యుత్తు పుట్టించే స్టేటరును, రోటరును, క్లచ్ ప్లేట్లను తీసి, ఇంజను స్ప్రాకెట్టును, క్లచ్చిని, చైనును కలిపే బయటికి లాగాడు. స్ప్రాకెట్టు వెనుక సీలు కనిపించింది. దానిని తీసేటప్పుడు స్క్రూడ్రైవరుతో షాఫ్టును గాని, సీలు కూర్చునే గుంటను గాని గీరడం కుర్రవాళ్లు తరచుగా చేసే తప్పు. ఆ గీతే రేపటి కారుడుకు కాలువ అవుతుంది.

సీలు వచ్చాక మేస్త్రీ కొత్తదాన్ని వెంటనే అందుకోలేదు. పెదవి తిరిగిన చోట గోటిని నిలువుగా నడిపాడు. గోరు ఒక గాడిలో తట్టుకుంది. మెత్తని రబ్బరు గట్టి ఉక్కును అరగదీయడం నమ్మశక్యం కాకపోవచ్చు. చమురులో తేలే ధూళిరేణువులు పెదవి కిందికి చేరి ఎమరీ పేపరులా పనిచేస్తాయి. బావిగట్టు రాతిని చేంతాడు కోసినట్టే ఇది. గోరు తట్టుకునేంత గాడి ఉంటే ఎంత ఖరీదైన సీలు వేసినా నిలువదు. ఇంతకుముందు రెండుసార్లూ సీలు మారిందేగాని, ఈ గాడిని ఎవరూ చూడలేదు.

గాడికి పరిష్కారాలు లేకపోలేదు. పెదవి తిరిగే కాలరు విడిగా దొరికే భాగమైతే దానినే మార్చవచ్చు. షాఫ్టుమీద పలుచని ఉక్కు తొడుగు ఎక్కించవచ్చు. గుంటలో చోటుంటే సీలును ఒక మిల్లీమీటరు లోతు తగ్గించి కూర్చోబెట్టి, పెదవి గాడిని విడిచి నున్నని చోట తిరిగేట్టు చేయవచ్చు. చిన్న గరుకును నున్నటి ఎమరీతో తీయవచ్చుగాని, చుట్టూ గుండ్రంగా మాత్రమే రుద్దాలి. పొడవునా రుద్దితే ఏర్పడే సన్నని గీతలు పెదవి కిందుగా చమురుకు బాటలు వేస్తాయి. క్రాంకు బేరింగు అరిగి షాఫ్టు ఊగుతూ ఉంటే మాత్రం ఈ ఉపాయాలేవీ పనికిరావు. అప్పుడు ఇంజను విప్పవలసిందే. మేస్త్రీ స్ప్రాకెట్టు కొనను పట్టి పైకి కిందికి కదిలించి, బేరింగు గట్టిగానే ఉన్నదని తేల్చుకొని, కొత్త కాలరు తెప్పించాడు.

కొత్త సీలు పెదవికి, కాలరుకు చమురు రాసి, షాఫ్టు మీది గాళ్ల అంచులు పెదవిని కోయకుండా పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, స్ప్రింగు ఉన్న ముఖం చమురు వైపుకు ఉండేట్టు పెట్టాడు. సీలు వెలుపలి వ్యాసానికి సరిపడే ఇనుప గొట్టం ముక్కను ఆన్చి, చుట్టూ సమానంగా తట్టాడు. ఒక పక్క ముందు దిగితే సీలు వంకరగా కూర్చుంటుంది. వంకర సీలు పుట్టుకతోనే రోగి. తిరిగి బిగించేటప్పుడు రోటరు, స్టేటరుల నడుమ చుట్టూ సమానమైన సందు ఉండేట్టు చూసుకున్నాడు. గేరుపెట్టె వైపు సీలు కూడా గట్టిపడి ఉండడంతో దానినీ మార్చాడు. టైరును సబ్బునీటితో కడిగించాడు.

మూతకు కొత్త రబ్బరు వలయం వేశాడు. జిగురు పూయబోయిన కుర్రవాడిని వారించాడు. "ఒరేయ్ అబ్బాయి, కారినచోటల్లా జిగురు పూసేవాడు మెకానిక్కు కాడురా" అన్నాడు. మాట కటువుగా ఉన్నా అందులో అనుభవం ఉన్నది. ఎక్కువగా పూసిన సిలికాను జిగురు లోపలి వైపుకు పొంగి, ఆరాక ముక్కలై ఊడి చమురులో కలుస్తుంది. సన్నని చమురు దారిలో ఆ ముక్క అడ్డుపడితే పైనున్న భాగాలకు చమురు అందదు. బయటి కారుడు ఆగుతుంది, లోపలి దాహం మొదలవుతుంది. నిర్దేశించినదానికంటే చిక్కని చమురు పోసి కారుడు తగ్గించాలనుకోవడం కూడా ఇటువంటిదే. చలిలో ఇంజను స్టార్టయిన తొలి క్షణాలలో, చమురు అత్యవసరమైన వేళ, అది ఆలస్యంగా అందుతుంది.

ఇక్కడ ఒక సంగతి ప్రస్తావించక తప్పదు. పైన చెప్పినదంతా నాలుగు స్ట్రోకుల ఇంజనుకు వర్తిస్తుంది. 1985 నుండి 1996 వరకు తయారై, నేటికీ యువకులు ముచ్చటపడి బాగుచేయించుకొనే యమహా ఆర్ఎక్స్ 100 రెండు స్ట్రోకుల బండి. అందులో క్రాంకు పెట్టెలోకి వచ్చేది పెట్రోలు, గాలి మిశ్రమం. ఆ సీళ్లు చమురునే కాక గాలినీ ఆపాలి. ఎడమవైపు మాగ్నెటో దగ్గరి సీలు చెడితే చుక్క చమురు బయట కనబడకపోవచ్చు. లోపలికి అదనపు గాలి చొరబడి, మిశ్రమం పలుచబడి, యాక్సిలరేటరు వదిలినా ఇంజను అరుస్తూనే ఉంటుంది, వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. కుడివైపు క్లచ్చి దగ్గరి సీలు చెడితే గేరు చమురు సిలిండరులోకి పోయి దట్టమైన తెల్లని పొగ వస్తుంది. నేలమీద మరక లేకుండానే గేరు చమురు తరిగిపోతుంది. మరక చూసి మాత్రమే మేలుకునేవాడికి ఈ బండి ముందస్తు హెచ్చరిక ఇవ్వదు.

పని పూర్తయ్యాక మేస్త్రీ తట్టలోని పాత చమురును డబ్బాలో పోసి మూత పెట్టించాడు. 2016 నాటి నియమాల ప్రకారం వాడిన చమురు ప్రమాదకర వ్యర్థం. మురుగు కాలువలో పోయకూడదు. నియమం రాకముందునుంచే ఆయన దానిని కాలువలో పోయించేవాడు కాదు. షెడ్డు పక్కనే బావి ఉండడం అందుకు కారణం.

కూలితోపాటు బోల్టును కూడా ఉపాధ్యాయుడి చేతిలో పెట్టి, "రాత్రి బండి కింద పాత పేపరు పరచండి మాస్టారూ. నెల తర్వాత ఆ పేపరు నాకు చూపించండి" అన్నాడు. నెల గడిచింది. మనుమరాలు పేపరును మడిచి షెడ్డుకు తెచ్చింది. ఎడమవైపు తెల్లగానే ఉన్నది. కుడివైపు రూపాయి బిళ్లంత మరక ఒకటి ఉన్నది. మేస్త్రీ పేపరును తిప్పి చూసి నవ్వాడు. "ఇది టాపెట్ మూత ప్యాకింగమ్మా. చమురు మార్చేనాటికి చూద్దాం, తాతగారిని కంగారుపడవద్దని చెప్పు" అన్నాడు. ఆ అమ్మాయి మరక పక్కన తేదీ రాసి, పేపరును మళ్లీ మడిచి పుస్తకంలో పెట్టుకున్నది.